చింతగింజల లీగులో ఏ గోడ గట్టిది?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేం నలుగురం కలిసి ఒక ఫుట్‌బాల్ లీగు నడిపాం. బంతి లేదు, గ్రౌండు లేదు, ఎండలో పరిగెత్తేది లేదు. ఉన్నదల్లా నాలుగు గుడ్డ సంచులు, ఒక నోటుబుక్కు, మా జేజి చింతపండు కొట్టి గంపలో పోసిన గింజలు. చింతామణి దోస్తు ఒకడు, బాగేపల్లి దోస్తులు ఇద్దరు, నేను. మా లీగులో ఆడేది ఇప్పటి జట్లు కాదు. ఫుట్‌బాల్ చరిత్రలో గోల్స్ ఇవ్వని జట్లుగా పేరు తెచ్చుకున్నవి మాత్రమే. అందరికంటే గట్టి డిఫెన్స్ ఎవరిదో తేల్చాలని మా పంతం. తేలిందా అంటే, తేలింది ఒకటి, తేలనిది ఇంకొకటి. ఆ సంగతే రాస్తున్నాను.

ముందు ఆట ఎట్లా ఆడాలో చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. మ్యాచ్ అంటే 90 నిమిషాలు. పది నిమిషాలకు ఒకటి చొప్పున 9 వంతులు. ప్రతి జట్టుకూ ఒక సంచి. సంచి నిండా నల్ల గింజలు, వాటిలో ఒకే ఒక తెల్ల గింజ. వంతుకొకసారి ఎదుటివాడు నా సంచిలో చెయ్యి పెట్టి ఒక గింజ తీస్తాడు. నల్లది వస్తే నా గోడ నిలిచింది. తెల్లది వస్తే నా మీద గోలు పడింది. తీసిన గింజను మళ్ళీ సంచిలో వేయాలి. అంతే.

అష్టాచెమ్మాకు చేసినట్టు గింజను బండ మీద అరగదీసి తెల్లగా చేద్దామన్నాను నేను. చేశాం. మొదటి రోజు చింతామణి వాడు వరసగా గోల్స్ కొట్టేశాడు. అరగదీసిన పక్క నున్నగా వేలికి తెలిసిపోతుందని మాకు సాయంత్రానికి గానీ వెలగలేదు. తర్వాత సున్నం పూశాం, అది రాలిపోయింది. చివరికి మా అక్క గోళ్ళరంగు పనికొచ్చింది.

ఇక ఏ జట్టు సంచిలో ఎన్ని గింజలు? ఇక్కడే లెక్క ఉంది. ఇంగ్లండులో చెల్సీ 2004-05లో 38 మ్యాచ్‌లు ఆడి 15 గోల్సే ఇచ్చింది. 38ని 9తో గుణిస్తే 342 వంతులు. 342లో 15 సార్లు గోలు పడిందంటే దాదాపు 23 వంతులకు ఒకటి. కాబట్టి చెల్సీ సంచిలో 23 గింజలు, అందులో ఒకటి తెల్లది. లివర్‌పూల్ 1978-79లో 42 మ్యాచ్‌లకు 16 గోల్స్ ఇచ్చింది, దానికి 24 గింజలు. ఆర్సెనల్ 1998-99లో 38కి 17, దానికి 20. ఇటలీ జట్టు మిలాన్ 1993-94లో 34కి 15, దానికీ 20. ఇటలీలోనే కాలియరి అనే ద్వీపం జట్టు 1969-70లో 30 మ్యాచ్‌ల్లో 11 గోల్సే ఇచ్చి కప్పు కొట్టింది. దాని లెక్క ఇరవై నాలుగున్నర వచ్చింది. అర గింజ ఎట్లా వేస్తార్రా అని గొడవై ఆ జట్టును పక్కన పెట్టాం. అది మేం చేసిన మొదటి అన్యాయం. లెక్క ప్రకారం అందరికంటే పెద్ద సంచి దానిదే.

ఇది పిల్లకాయల ఆట అనుకోవద్దు. చెల్సీ సంచిలోంచి 9 సార్లు తీసినా తెల్లది రాకుండా ఉండే అవకాశం ఎంతో నేను లెక్క కట్టాను. 23లో 22 భాగాన్ని 9 సార్లు గుణిస్తే నూటికి 67 వస్తుంది. 38 మ్యాచ్‌లకు ఆ లెక్కన గోలు పడని మ్యాచ్‌లు ఇరవై అయిదున్నర ఉండాలి. నిజంగా చెల్సీ ఆ ఏడు గోలు ఇవ్వని మ్యాచ్‌లు 25. లివర్‌పూల్‌కు ఇదే లెక్క ఇరవై ఎనిమిదిన్నర అంటుంది. నిజంగా 28. ఈ రెండో లెక్క చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా జేజి గంపలోని గింజలకు లివర్‌పూల్ సంగతి తెలిసినట్టే అనిపించింది.

కానీ గింజకు తెలియనివి చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మొదటిది లివర్‌పూల్ సంచి మీద గొడవ. 24 గింజలు కాబట్టి అదే అందరికంటే గట్టి గోడ అని బాగేపల్లి వాడి వాదన. ఆ ఏడు సొంత గ్రౌండులో 21 మ్యాచ్‌లు ఆడి నాలుగంటే నాలుగే గోల్స్ ఇచ్చింది, కాదనలేం. కానీ అప్పట్లో రూలు వేరు. డిఫెండర్ తన కాలితో వెనక్కి కొట్టిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవచ్చు. ఎదుటివాడు మీదికొస్తే బంతి వెనక్కి ఇచ్చెయ్, కీపర్ పట్టుకుని ఊపిరి తీసుకుంటాడు. 1992లో ఆ రూలు మార్చారు. కాలితో కావాలని వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టకూడదన్నారు. మన ఊళ్ళో ఇంటి ముందు ఆడే పిల్లలు అలిసిపోగానే 'తూచ్' అంటారే, ఆ తూచ్ తీసేసినట్టు. కాబట్టి 1979 నాటి 16 గోల్సూ, 1994 నాటి 15 గోల్సూ ఒకే త్రాసులో వేసి తూచేవి కావు. మిలాన్, ఆర్సెనల్, చెల్సీ ముగ్గురూ తూచ్ లేకుండా ఆడినవాళ్ళు. లివర్‌పూల్‌ను నేను తక్కువ చేయడం లేదు. ఆ జట్టు 85 గోల్స్ కూడా కొట్టింది. బంతి ఎప్పుడూ వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంటే ఎదుటివాడు గోలు కొట్టేదెట్లా? వాళ్ళ దాడే వాళ్ళ గోడ. అది కూడా ఒక రకం డిఫెన్సే. అయితే మనం మాట్లాడుకునే డిఫెన్స్ అదేనా అన్నదే నా అనుమానం.

రెండోది ఆర్సెనల్. ఆ జట్టు గురించి ఎక్కువ రాయాలనుంది, ఎందుకంటే నా సంచి అదే. గోల్‌లో సీమన్, ముందర డిక్సన్, ఆడమ్స్, కియోన్, వింటర్‌బర్న్. ఏళ్ళ తరబడి ఒకే వరసలో ఆడినవాళ్ళు. 38 మ్యాచ్‌ల్లో 17 గోల్స్ ఇచ్చారు. ఆ ఏడు కప్పు కొట్టిన మాంచెస్టర్ యునైటెడ్ 37 ఇచ్చింది, రెండింతల కంటే ఎక్కువ! అయినా యునైటెడ్‌కు 79 పాయింట్లు, ఆర్సెనల్‌కు 78. ఒక్క పాయింటుతో పోయింది. చివరికి ముందు మ్యాచ్‌లో లీడ్స్ ఊళ్ళో ఒకే గోలుతో ఓడిపోయారు. అదే ఆ పదిహేడో గోలు. దాని తర్వాత ఇంకొకటి ఇవ్వలేదు.

ఆ ఒక్క గోలు పడకపోయి ఉంటే కప్పు మాదేనని నేను అందరి ముందూ గొప్పలు పోయాను. చింతామణి వాడు నోటుబుక్కు లాక్కుని అక్కడికక్కడే లెక్క వేశాడు. ఆ మ్యాచ్ సమానమైతే ఆర్సెనల్‌కూ 79 పాయింట్లు. సరే. కొట్టినవి 59, ఇచ్చినవి 16, తేడా 43. యునైటెడ్ కొట్టినవి 80, ఇచ్చినవి 37, తేడా 43. అదీ సమానమే! అప్పుడు ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి కప్పు. 80కి 59. మళ్ళీ యునైటెడ్‌దే. నేను నోరు మూసుకున్నాను. గోడ ఎంత గట్టిగా ఉన్నా ఇంట్లో గింజలు లేకపోతే ఏం లాభమని మా జేజి అనే మాట గుర్తొచ్చింది. ఆమె అన్నది ఫుట్‌బాల్ గురించి కాదులెండి.

ఈ దెబ్బతో మేం ఒక కొత్త ప్రశ్న వేసుకున్నాం. ఎన్ని గోల్స్ ఇచ్చారన్నది కాదు, ఇవ్వకపోవడం వల్ల ఆ జట్టుకు ఏమొచ్చింది? ఇట్లా చూస్తే మిలాన్ కథ మారిపోతుంది. 34 మ్యాచ్‌ల్లో మిలాన్ కొట్టింది 36 గోల్సే. మ్యాచ్‌కు ఒకటి, అంతే. ఇంత తక్కువ కొట్టి కూడా కప్పు కొట్టింది. వాన్ బాస్టెన్ దెబ్బ తగిలి ఆ ఏడంతా ఆడలేదు, గుల్లిట్, రైకార్డ్ ఇద్దరూ వేరే జట్లకు పోయారు. దాడి చేసేవాళ్ళు అట్లా ఖాళీ అయితే బరువంతా వెనక వరస మీద పడింది. తసోట్టి, బరేసి, కోస్తకుర్త, మాల్దీని. చెల్సీ ఒక గోలు ఇచ్చినా ముందర రెండు కొడతారన్న ధైర్యం ఉంది, వాళ్ళు ఆ ఏడు 72 కొట్టారు. మిలాన్‌కు ఆ ధైర్యం లేదు. ఒకటి కొట్టాలి, దాన్ని కడదాకా కాపాడుకోవాలి. నా దృష్టిలో మిలాన్ ఇచ్చిన 15, చెల్సీ ఇచ్చిన 15 కంటే బరువైనవి. మ్యాచ్‌లు నాలుగు తక్కువ ఆడినా సరే. గింజలు మాత్రం చెల్సీకి 23, మిలాన్‌కు 20 అంటాయి.

ఆ ఏడే మిలాన్ కీపర్ సెబాస్టియానో రోసీ వరసగా 929 నిమిషాలు గోలు ఇవ్వలేదు. పది మ్యాచ్‌ల కంటే ఎక్కువ. మా సంచి లెక్కలో అది 93 సార్లు చెయ్యి పెట్టినా తెల్లది రాకపోవడం. 20 గింజల సంచితో అట్లా జరిగే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. అంటే రోసీ గింజలను ఓడించాడా? నేను అవునన్నాను. బాగేపల్లి వాడొకడు అడ్డం తిరిగాడు. వందల జట్లు వందేళ్ళుగా ఆడుతుంటే ఎక్కడో ఒకచోట ఎవరికో అట్లా పడుతుంది, లాటరీ ఎవరికో తగిలినట్టు అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. అయినా నాకు ఒకటి అనిపిస్తుంది. గింజకు జ్ఞాపకం లేదు. ఎనిమిది సార్లు నల్లది వచ్చిందని తొమ్మిదోసారి అది జాగ్రత్తపడదు. మనిషి పడతాడు. 900 నిమిషాలు కాపాడిన వరస తొమ్మిది వందల ఒకటో నిమిషంలో కాలు ఇంకాస్త ముందుకు చాస్తుంది. ఇది రుజువు చేయలేను, కబడ్డీ ఆడేవాళ్ళకు తెలుసు.

కబడ్డీ మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మన తాలూకాల్లో డిఫెన్స్ అంటే అందరికీ ముందు తెలిసేది అదే. ఏడుగురు చేతులు పట్టుకుని నిలబడటం, కార్నర్ వాడు కాలు పట్టగానే కవర్ వాడు మీద పడటం. అక్కడ పట్టుకు పట్టు లెక్క ఉంటుంది. ప్రో కబడ్డీలో 2018లో యూపీ యోధా జట్టు నితేశ్ కుమార్ ఒకే సీజన్‌లో 100 టాకిల్ పాయింట్లు తెచ్చిన మొదటి ఆటగాడు. ఆ నూరూ కళ్ళకు కనిపించిన నూరు. ఫుట్‌బాల్‌లో అట్లా కాదు. మంచి డిఫెండర్ ముందే సరైన చోట నిలబడితే బంతి అసలు అటు రాదు. రాని బంతికి పాయింటు ఎవరు రాస్తారు? అందుకే జరగని గోల్స్‌ను లెక్కపెట్టే పని పెట్టుకున్నాం మేం. ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఫుట్‌బాల్ ఆటలూ ఇదే చిక్కులో ఉన్నాయి. ఫుట్‌బాల్ మేనేజర్ అనే ఆటలో ఒక్కొక్క ఆటగాడి ఒక్కొక్క గుణానికీ 1 నుంచి 20 దాకా మార్కులు వేస్తారు. మా సంచి కంటే అది చాలా పెద్దది, నిజమే. కానీ నలుగురు డిఫెండర్లకు నాలుగు మార్కులు వేసి కలిపితే వరస అవుతుందా?

దీనికి జవాబు మిలాన్ దగ్గరే ఉంది. 1994 మే 18న ఏథెన్స్‌లో యూరప్ కప్పు ఫైనల్. ఎదుట బార్సిలోనా, క్రైఫ్ కోచ్, రొమారియో, స్తోయిచ్‌కోవ్ ముందు వరస. మిలాన్‌లో బరేసి లేడు, కోస్తకుర్త లేడు, ఇద్దరి మీదా నిషేధం. నడి గోడలో రెండు రాళ్ళు పీకేసినట్టు. మాల్దీనిని మధ్యలోకి జరిపారు, పక్కన గల్లీ, అటూ ఇటూ తసోట్టి, పనుచ్చి. మార్కులు కలిపే ఆట ఏదైనా ఆ రోజు మిలాన్ ఓడుతుందనే చెప్పి ఉంటుంది. మిలాన్ 4-0తో గెలిచింది. అందుకే నా ఓటు మిలాన్‌కు. రాళ్ళు మారినా గోడ నిలిచింది.

ఇక మన దగ్గరికి వద్దాం. బెంగళూరు మనకు బస్సు దూరమే. బెంగళూరు ఎఫ్.సి. 2019-20 ఐ.ఎస్.ఎల్.లో 18 లీగు మ్యాచ్‌ల్లో 13 గోల్సే ఇచ్చింది. లెక్క వేస్తే 12 గింజలు. హైదరాబాద్ ఎఫ్.సి. 2022-23లో 20 మ్యాచ్‌లకు 16 ఇచ్చింది, 11 గింజలు. చెల్సీ 23 పక్కన పెడితే సగం. అంటే మనవాళ్ళ గోడ సగమేనా? ఇది ఒప్పుకోను. చెల్సీ మీద దాడి చేసినవాళ్ళు వేరు, బెంగళూరు మీద దాడి చేసినవాళ్ళు వేరు. చెల్సీ డిఫెన్స్ చెల్సీ లీగులో ఎంత, బెంగళూరు డిఫెన్స్ బెంగళూరు లీగులో ఎంత, అట్లా పోల్చాలి. చిక్కబళ్ళాపురంలో మొదటి ర్యాంకు, బెంగళూరులో మొదటి ర్యాంకు ఒకటేనా అని అడిగితే ఏం చెప్తాం? పరీక్ష పేపరు ఒకటే అయితేనే చెప్పగలం.

నన్ను అన్నిటికంటే ఎక్కువ వేధించిన జట్టు వేరే ఉంది. దానికి సంచే కుట్టలేకపోయాం. హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అంతకుముందు బడిపంతులు. ఈమధ్య 'మైదాన్' సినిమా వచ్చింది ఆయన మీదే. ఆ జట్టును లీగులోకి తీసుకుందామని నేను పట్టుబట్టాను. ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని గోల్స్ ఇచ్చారు చెప్పు అన్నారు. అవి కప్పు పోటీలు, లీగు పట్టికలు కావు. మాకు దొరికిన పుస్తకాల్లో కప్పులు ఉన్నాయి, గోల్స్ లెక్కల్లేవు. లెక్క లేకపోతే సంచి లేదు, సంచి లేకపోతే జట్టు లేదు. వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు కొట్టిన జట్టుకు మా లీగులో చోటు లేదు! పట్టికలో లేనంతమాత్రాన ఆడలేదని అనడం నాకు మింగుడు పడలేదు.

సరే, లెక్క దొరికే చోట చూద్దామనుకున్నాను. రహీం భారత జట్టుకు కూడా కోచ్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టు ఆయనదే. దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి, థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, దక్షిణ వియత్నాం మీద 3-2, ఫైనల్లో మళ్ళీ కొరియా మీద 2-1. ఇచ్చినవి మొత్తం 6, ఆడినవి 5. గింజల లెక్క ఏడున్నర. ఆసియా గెలిచిన గోడకు ఏడు గింజల సంచా? నలుగురం నవ్వుకున్నాం, కానీ నాకు లోపల కష్టంగానే ఉంది.

తర్వాత కారణం చదివితే తెలిసింది. జర్నైల్ సింగ్ ఆ జట్టు నడి గోడ. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను వెనక కాకుండా ముందు వరసలో, గోల్స్ కొట్టే చోట ఆడించాడు. సెమీఫైనల్‌లో ఒకటి, ఫైనల్‌లో ఒకటి జర్నైల్ కొట్టాడు. గోడలోంచి పెద్ద రాయి పీకి ఒడిసెలలో పెట్టి విసిరినట్టు! అంతటి మనిషిని ముందుకు పంపిన కోచ్‌కు వెనక మిగిలినవాళ్ళ మీద ఎంత నమ్మకం ఉండాలి? ఫైనల్లో గోల్‌లో తంగరాజ్. కొరియా కొట్టింది ఒక్కటే. ఈ తెలివిని ఏ గింజలో పెట్టాలి?

ఇంకొక తమాషా. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద 10 గోల్స్ కొట్టింది. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. మన ఒక్క గోలు బెంగళూరు అహ్మద్ ఖాన్‌ది. ఆ జట్టుకూ కోచ్ రహీమే. మా ఆటలో మ్యాచ్‌కు 9 వంతులే కదా, సంచి నిండా తెల్ల గింజలే పోసినా 10 గోల్స్ పడవు. జరిగిన మ్యాచే మా ఆటలో జరగదు. అప్పుడు గానీ చింతామణి వాడు కూడా ఒప్పుకోలేదు, మా సంచిలో ఏదో లోపం ఉందని.

చివరికి ఒక రూలు చేసుకున్నాం. హైదరాబాద్ పోలీసుకు 20 గింజల సంచి, మిలాన్‌తో సమానం. ఆ 20 ఎక్కడిదంటే ఎక్కడిదీ కాదు, నలుగురం చేతులెత్తి ఒప్పుకున్నాం. ఇంకొకటి కూడా అడిగాను. మ్యాచ్‌లో ఒకసారి, తెల్ల గింజ వచ్చినా రహీం జట్టు దాన్ని సంచిలో వేయించి మళ్ళీ తీయించుకోవచ్చు. కోచ్ తెలివికి అదొక్కటీ. బాగేపల్లి వాడు వెంటనే లేచాడు. అట్లయితే ఏథెన్స్ గెలిచినందుకు మిలాన్‌కూ ఇవ్వాలన్నాడు. న్యాయమే. నోటుబుక్కులో రాసుకున్నాం. నా ఆర్సెనల్‌కు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నేను అడగనూ లేదు.